మొదటి సింగిల్ స్టేజ్ ప్రెస్ ఏది కొనాలి? (308, నెలకు 50 తూటాలు)

గోదారి_గురి (ఆస్టిన్ దగ్గర, టెక్సస్)
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడి రేంజ్‌కి వెళ్తున్నాను. 308 వించెస్టర్ తూటా వాడే బోల్ట్ రైఫిల్. 100 గజాలు, అప్పుడప్పుడు 200. నెలకి 40, 50 తూటాలు కాలుస్తాను, అంతకు మించి టైమ్ దొరకదు. 20 మ్యాచ్ తూటాల పెట్టె 40 డాలర్లు దాటాక, ఇక ఇంట్లోనే రీలోడింగ్ చేసుకుందామని, అంటే కాల్చిన కేసులో (ఖాళీ ఇత్తడి గొట్టంలో) కొత్త ప్రైమర్ (నిప్పు పుట్టించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకుందామని గట్టిగా అనుకున్నాను. కాల్చిన కేసులు మొదటి రోజు నుంచీ దాచిపెట్టాను, 400 దాకా ఉన్నాయి.

నెల రోజులుగా చదువుతున్నాను. చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఆర్‌సీబీఎస్ రాక్ చకర్, లీ క్లాసిక్ కాస్ట్, ఫోర్‌స్టర్ కో-ఆక్స్, ఈ మూడు సింగిల్ స్టేజ్ ప్రెస్‌ల (మీట నొక్కితే కేసుని డై అనే అచ్చులోకి నెట్టే, ఒకసారికి ఒకే పని చేసే మెషిన్లు) దగ్గర ఆగిపోయాను. గ్యారేజీలో ఒక మూల ఖాళీగా ఉంది. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. డబ్బు మరీ గీసి గీసి పెట్టక్కర్లేదు కానీ అనవసరంగా పెట్టనూ లేను. ఒక్కటే కొంటాను, ఇరవై ఏళ్లు వాడుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పోత_ఇనుము (నార్త్ కరోలినా)
మీరు రాసిన మూడింట్లో ఏది కొన్నా పొరపాటు కాదు. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

నాది రాక్ చకర్, సెకండ్‌హ్యాండ్. ఎస్టేట్ సేల్‌లో దొరికింది. ఆకుపచ్చ పెయింట్ సగం పోయింది, ర్యామ్ (కేసుని పైకి నెట్టే కడ్డీ) మాత్రం అద్దంలా ఉంది. పోత ఇనుము, చుట్టూ మూసి ఉండే ఓ-ఫ్రేమ్. 308 కేసు పూర్తిగా సైజ్ చేసేటప్పుడు (కాల్చాక ఉబ్బినదాన్ని డైలో నొక్కి మళ్లీ కొలతకి తెచ్చేటప్పుడు) మీట మీద బరువు బాగానే వేయాలి. ముందు భాగం తెరిచి ఉండే సీ-ఫ్రేమ్ అయితే అక్కడ కొద్దిగా సాగుతుంది. ఓ-ఫ్రేమ్ సాగదు.

సెకండ్‌హ్యాండ్ చూసేటప్పుడు పెయింట్ చూడకండి. ర్యామ్‌ని పైకి లేపి, వేళ్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ పక్కలకీ ఊపండి. టకటకమంటే వదిలేయండి. డై బిగించే మరలు కూడా ఒక డై తిప్పి చూడండి. ఈ మరలు 7/8-14 కొలత, మామూలు రైఫిల్, పిస్టల్ డైలన్నీ దీనికే ఉంటాయి. కాబట్టి రేపు 6.5 క్రీడ్‌మూర్ తూటాకి మారినా ప్రెస్ మార్చక్కర్లేదు. దాని కేసు అడుగు 308 కొలతే, షెల్ హోల్డర్ (కేసు అడుగుని పట్టుకునే ముక్క) కూడా అదే సరిపోతుంది.

పాలమూరు_టు_ఫీనిక్స్ (అరిజోనా)
అన్నా, నేను వేరే మాట చెప్తా. సింగిల్ స్టేజ్ కొన్నవాళ్లలో సగం మంది రెండేళ్లకి ప్రోగ్రెసివ్ (ఒకేసారి అన్ని పనులూ జరిగే మెషిన్) కొంటారు. నేనూ అంతే. నాకు నెలకి 1000 దాకా 9 ఎంఎం పిస్టల్ తూటాలు కావాలి, మ్యాచ్‌లకి వెళ్తా. సింగిల్ స్టేజ్ మీద గంటకి 50 అయ్యేవి, ఆదివారం మొత్తం అక్కడే పోయేది. ఇప్పుడు డిల్లన్ 550 మీద గంటకి 400 తీస్తున్నా. మొదటి నుంచే పెద్దది కొని నిదానంగా నేర్చుకుంటే ఒక ఖర్చు మిగులుతుంది కదా. కనీసం తిరిగే తల మీద నాలుగు డైలు పట్టే టరెట్ అయినా చూడు.

నిదానం (మిన్నెసోటా)
తమ్ముడూ, నీ లెక్క 9 ఎంఎంకి నూటికి నూరు పాళ్లు సరైనది. ఆయన అడిగింది నెలకి 50 రైఫిల్ తూటాలు. ఆయనకి మిగిలే టైమ్ ఎంత, అందుకోసం ఒకేసారి నాలుగు పనులు జరిగే మెషిన్ మీద తలకి మించిన గమనం పెట్టడం ఎందుకు?

నేను 19 ఏళ్లుగా సింగిల్ స్టేజ్ మీదే ఉన్నాను. ఇందులో ఒకసారికి ఒకే డై, ఒకే పని. ఈ రోజు 50 కేసులకీ పాత ప్రైమర్ తీసి సైజ్ చేస్తాను, అంతే. రేపు పొడవు కొలుస్తాను. 308 కేసు 2.015 అంగుళాలు దాటకూడదు, దాటినవి 2.005కి కత్తిరిస్తాను. ఎల్లుండి ప్రైమర్లు. ఆ తర్వాత ఒక సాయంత్రం పౌడర్, బుల్లెట్. ఒక్కో కేసు కనీసం ఐదు సార్లు నా చేతిలోకి వస్తుంది. మెడ దగ్గర సన్నటి పగులు, అడుగున మెరిసే గీత లాంటివి ఆ ఐదు సార్లలో ఎక్కడో ఒకచోట పట్టుబడతాయి. అడుగున చుట్టూ మెరిసే గీత కనిపిస్తే ఆ కేసు అక్కడ పలచబడి తెగిపోబోతోందని అర్థం. చెత్తలో వేసేయడమే.

పౌడర్ గురించి ఒక్క మాట, ఇది మొదటి రోజే అలవాటు చేసుకోవాలి. 50 కేసుల్నీ చెక్క బ్లాకులో నిలబెట్టి పౌడర్ పోశాక, బుల్లెట్ పెట్టే ముందు టార్చిలైట్ వేసి పైనుంచి ఒక్కో వరుసా చూడండి. అన్నిట్లో మట్టం ఒకేలా ఉండాలి. 308లో మామూలు కొలతకే కేసు దాదాపు నిండుతుంది, పొరపాటున రెండోసారి పోస్తే పొంగి బయటికి వస్తుంది, తెలిసిపోతుంది. 38 స్పెషల్ లాంటి పిస్టల్ కేసులో రెండు కొలతలు పోసినా లోపలే ఇమిడిపోతుంది. తుపాకీ చేతిలోనే పగిలేది అలాంటప్పుడే. బెంచి మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. రెండోది అలమారలో.

పౌడర్ కొలతలు మాత్రం ఫోరంలో ఎవరినీ అడగొద్దు, నన్ను కూడా. పౌడర్ కంపెనీ, బుల్లెట్ కంపెనీ అచ్చువేసిన పట్టికల్లో చూసి కింది అంకె దగ్గర మొదలుపెట్టండి.

పాలమూరు_టు_ఫీనిక్స్
ఒప్పుకున్నా అన్నా. రైఫిల్ అన్న సంగతి నేను సరిగ్గా పట్టించుకోలేదు. టార్చి మాట అందరూ గోడ మీద రాసుకోవాలి.

ఓహాయో_అక్క (కొలంబస్)
నాలుగేళ్ల పాప ఉందన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను ల్యాబ్‌లో పని చేస్తాను, బ్లడ్ లెడ్ (రక్తంలో సీసం) రిపోర్టులు చూస్తుంటాను.

ప్రెస్ ఎంచుకునేటప్పుడు అందరూ బలం చూస్తారు. నేను చూసేది పాత ప్రైమర్ ఎటు పోతుందని. కాలిన ప్రైమర్‌లో సీసం మసి ఉంటుంది. రాక్ చకర్ సుప్రీమ్‌లో అది ర్యామ్ గాడి లోంచి ముందున్న ట్రేలో పడుతుంది. ఒకటో అరో ఎగిరి కింద పడటం, దాంతోపాటు నల్లటి పొడి చుట్టూ రాలడం మామూలు. లీ క్లాసిక్ కాస్ట్‌లో ర్యామ్ మధ్యలో బోలుగా ఉంటుంది. ప్రైమర్ ఆ బోలు లోంచి నేరుగా కింద ప్లాస్టిక్ గొట్టంలోకి జారుతుంది. గొట్టం చివర మూత తీసి ఒక సీసాలోకి వదిలేస్తే చేతికి అంటే పనే లేదు. కో-ఆక్స్‌లోనూ, రెడ్డింగ్ బిగ్ బాస్ 2లోనూ పాత ప్రైమర్లు కిందికే పోతాయి.

మిగతావి కూడా చెప్తాను. కేసుల్ని శుభ్రం చేయడానికి పొడి టంబ్లర్‌లో మొక్కజొన్న కంకుల పొట్టుతో తిప్పితే లేచే దుమ్ములో సీసం ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే నీళ్లతో, స్టీల్ పిన్నులతో తిప్పే టంబ్లర్ కొనండి. పని అయ్యాక సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు కడగాలి. ఆ చొక్కా మార్చుకునే పాపని ఎత్తుకోవాలి. బెంచి దగ్గర టీ, జంతికలు, ఏవీ పెట్టుకోకండి. కళ్లద్దాలు తప్పనిసరి, ముఖ్యంగా ప్రైమర్లు పెట్టేటప్పుడు. ప్రైమర్లని కంపెనీ పెట్టెలోనే ఉంచాలి, సీసాలో కలిపి పోసి ఉంచితే ఒకదాని నిప్పు అన్నిటికీ అంటుకుంటుంది.

ఏడాదికోసారి బ్లడ్ లెడ్ టెస్ట్ చేయించుకోండి. మామూలు రక్త పరీక్షతో పాటే చేసేస్తారు.

కొత్త_బాణం (న్యూజెర్సీ)
మంచి థ్రెడ్. నేను హెచ్1బీ మీద ఉన్నాను. స్నేహితుడితో రేంజ్‌కి వెళ్తుంటాను. ప్రెస్ అంటే పనిముట్టే కదా, నేను కూడా ఇంట్లో మొదలుపెట్టొచ్చా?

మోడరేటర్
మీలాంటి ప్రశ్న ఇక్కడ నెలకి రెండు మూడు వస్తాయి, కాబట్టి అందరికీ కలిపి చెప్తున్నాను.

అమెరికా ఫెడరల్ చట్టం, 18 యూఎస్‌సీ 922(జీ)(5)(బీ) ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్1బీ, ఎఫ్1, హెచ్4, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల బీ2, అన్నీ ఇందులోకే వస్తాయి. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి, ఇంకా కొన్ని సందర్భాల్లో మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని కూర్చోబెట్టి అడగండి, ఫోరం మాట మీద నడవకండి. ప్రెస్ ఇనప ముక్కే, నిజమే. కానీ ప్రైమర్లు, పౌడర్, బుల్లెట్లు, కేసులు కూడా ఫెడరల్ చట్టం లెక్కలో తూటాల కిందికే వస్తాయి, అవి దగ్గర ఉంచుకున్నా మీరు ఆ సెక్షన్ కిందికి వస్తారు. ఏళ్ల తరబడి వేచి ఉన్న గ్రీన్ కార్డుని దీనికోసం పణంగా పెట్టకండి.

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మాలంటే టైప్ 06 లైసెన్స్ కావాలి. రాష్ట్రం, కౌంటీ నియమాలు వేరుగా ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ అయితే లీజు కూడా చదవండి.

కొత్త_బాణం
కాపాడారు సర్. ప్రెస్ కార్ట్‌లో ఉంది, ఇప్పుడే తీసేశాను.

గ్యారేజీ_కమ్మరి (టల్సా, ఓక్లహోమా)
ప్రెస్ కంటే ముందు, డైలో ఇరుక్కోకుండా కేసులకి రాసే లూబ్ గురించి నేర్చుకోండి. నాకు జరిగింది చెప్తాను.

మూడో రోజు. 223 రైఫిల్ కేసులు. ఒక్కోదానికీ వేలితో మైనం రాస్తున్నాను, ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, రాసిన గుట్టలోంచి కాకుండా రాయని గుట్టలోంచి ఒకటి తీసి పెట్టాను. మీట సగం దాకా మామూలుగానే వచ్చింది. తర్వాత గట్టిగా తగిలింది. అక్కడ ఆగాలి. ఆగలేదు, బరువంతా వేశాను. లోపలికి పోయింది, బయటికి రాలేదు. వెనక్కి లాగితే షెల్ హోల్డర్ కేసు అంచుని చీల్చేసుకుని కిందికి వచ్చేసింది, కేసు డైలోనే ఉండిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

స్టక్ కేస్ రిమూవర్ అని ఒక కిట్ దొరుకుతుంది. ప్రైమర్ రంధ్రాన్ని డ్రిల్‌తో పెద్దది చేసి, మరలు కోసి, బోల్టు బిగించి బయటికి లాగాలి. రెండు గంటలు పట్టింది, డై బతికింది. అప్పటి నుంచి పని మధ్యలో ఫోన్ ఎత్తను. లేస్తే చేతిలో కేసుని పక్కన పెట్టి, వచ్చాక మళ్లీ మొదటి నుంచి రాస్తాను.

ఎక్కువ రాసినా తంటాయే. కేసు భుజం (మెడ కింద సన్నబడే చోటు) మీద జిడ్డు చేరితే డైలో దానికి పోయే దారి ఉండదు, భుజం మీద సొట్ట పడుతుంది. వేళ్ల మధ్య జారేంత, కంటికి కనిపించనంత. అంతే. కార్బైడ్ డై ఉన్న 9 ఎంఎం, 38 లాంటి తిన్నటి కేసులకి ఈ బాధ లేదు. 308కి మాత్రం తప్పదు.

ఇంకోటి, రేంజ్‌లో ఏరుకున్న మిలిటరీ కేసులు కూడా కలిసి ఉంటే వేరు చేయండి. వాటి ప్రైమర్ చుట్టూ నొక్కి ఉంటుంది, ఆ నొక్కు తీయకపోతే కొత్త ప్రైమర్ లోపలికి దిగదు, వంకరపోతుంది. బలవంతంగా నొక్కొద్దు.

సన్నగురి (కాలిఫోర్నియా)
కో-ఆక్స్ తరఫున ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. నా దగ్గర ఉంది, ప్రాణం.

దీంట్లో డైని మర తిప్పి బిగించే పనే లేదు. ముందు నుంచి గాడిలోకి జరిపితే కూర్చుంటుంది, లాగితే వస్తుంది. డై, కేసు రెండూ కొద్దిగా కదిలేలా వదిలి ఉంటాయి, ఒకదాన్ని చూసి ఒకటి సర్దుకుని మధ్యలో నిలబడతాయి. షెల్ హోల్డర్లు కొనక్కర్లేదు, దాని దవడలే కేసుని పట్టుకుంటాయి. మీట నడి మధ్యలో ఉంటుంది, ఎడమ చేతివాళ్లకీ కుడి చేతివాళ్లకీ ఒకటే.

కానీ మొదటి ప్రెస్‌గా కొనమని చెప్పలేను. ధర లీ క్లాసిక్ కాస్ట్‌కి రెట్టింపు పైనే. లీ డైతో వచ్చే రబ్బరు రింగు ఉన్న లాక్ రింగ్ దీని గాడికి నప్పదు, వేరే రింగులు కొని మార్చుకోవాలి. మీట పైనుంచి వస్తుంది కాబట్టి డై మీద పౌడర్ డబ్బా లాంటి ఎత్తయినవి పెట్టలేం.

తూటా తిన్నగా కూర్చుందా లేదా అని గేజ్ మీద తిప్పి కొలిచే పిచ్చి నాకుంది. పాత ప్రెస్ మీద చేసినవీ, దీని మీద చేసినవీ పక్కపక్కన కొలిచాను. సరిగ్గా సెట్ చేసిన డైతో రెండిటికీ తేడా నా రైఫిల్ పట్టుకోలేనంత తక్కువ. మంచి సీటింగ్ డై (బుల్లెట్‌ని కేసులో కూర్చోబెట్టేది), మంచి తూకం, వీటి మీద డబ్బు పెట్టండి. గురి అక్కడ మెరుగుపడుతుంది.

పోత_ఇనుము
ఈ మాట ఈయన నోటి నుంచి రావడం బాగుంది. బెంచి సంగతి కూడా మర్చిపోకండి. నేను మొదట తేలికపాటి మడత టేబుల్‌కి బిగించాను. మీట నొక్కిన ప్రతిసారీ టేబుల్ ముందు కాళ్ల మీద లేచేది, తూకం అంకె కదిలిపోయేది. ఇప్పుడు 2x4 చెక్కల కాళ్లు, పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు. గోడ లోపలి స్టడ్స్‌కి (నిలువు చెక్కలకి) పొడవాటి స్క్రూలు. కింది అరలో రెండు సోనా మసూరి బస్తాలు పెడితే బరువుకి బరువు, స్టోరేజీకి స్టోరేజీ.

ఓహాయో_అక్క
అన్నయ్యగారూ, బియ్యం బస్తాలు అక్కడ వద్దు. పైన రాలే ప్రైమర్ మసి కింది అరలోకే వస్తుంది. ఆ బస్తా వంటింట్లోకి వెళ్తుంది. ఇసుక బస్తాలు పెట్టండి, దయచేసి ఇవాళే మార్చండి.

పోత_ఇనుము
మార్చాను అమ్మా. ఇంత దూరం ఆలోచించలేదు. ఆ బియ్యం వాడం.

భాగ్యనగర్_పెల్లెట్ (హైదరాబాద్)
నేను 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడతాను. లండన్ 2012లో గగన్ నారంగ్ కాంస్యం చూసి మొదలుపెట్టినవాణ్ణి. ఇక్కడ రీలోడింగ్ గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకు?

నిదానం
బాబూ, మీ 4.5 ఎంఎం పెల్లెట్‌లో పౌడరూ ప్రైమరూ ఉండవు, గాలే దాన్ని నెడుతుంది. 50 మీటర్ల పోటీల్లో వాడే 22 తూటాలో ప్రైమింగ్ మసాలా కేసు అంచు లోపలే ఉంటుంది, ఒకసారి కాలిస్తే అయిపోయినట్టే. పెద్ద తూటాల సంగతికొస్తే, మన ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అక్కడ ఇంట్లో ప్రెస్ పెట్టే ఆలోచనే వద్దు.

గోదారి_గురి
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు వారాలు ఏమీ రాయలేదు, పని జరుగుతోంది.

మా నాన్నగారు వైజాగ్ నుంచి వచ్చి ఉన్నారు. ముప్పై ఏళ్లు లేత్ మీద చేసి రిటైర్ అయ్యారు. ఇక్కడ ఒకాయన అమ్ముతున్న పాత రాక్ చకర్ చూడ్డానికి ఆయన్ని కూడా తీసుకెళ్లాను. నేను పెయింట్ చూస్తున్నాను. ఆయన ర్యామ్ పైకి లేపి, బొటనవేలు ర్యామ్ మీద సగం, ఫ్రేమ్ మీద సగం ఉండేలా ఆనించి, రెండో చేత్తో మీట మెల్లగా కదిపారు. కళ్లు మూసుకున్నారు. "ఇది అరిగింది రా, ముందుకి వాలుతోంది" అన్నారు. నేను ఊపి చూస్తే నాకేమీ తెలియలేదు. ఆ వేలు అబద్ధం చెప్పదని నాకు తెలుసు, వదిలేశాం.

లీ క్లాసిక్ కాస్ట్ కొత్తది తీసుకున్నాను. అక్క చెప్పిన ఆ గొట్టం కోసమే, పాప ఉంది కాబట్టి. పెట్టె విప్పాక నాన్నగారు అదే పరీక్ష చేశారు. ర్యామ్ లావు ఒక అంగుళం, దాని పైన ఇంకో ఎనిమిదో వంతు, "ఇంత లావుంటే త్వరగా అరగదు" అన్నారు. బెంచి ఆయనే కట్టారు. మీట ఆయన ఎత్తుకి కాదు, నా ఎత్తుకి సరిచూసి బిగించారు. మోడరేటర్‌గారు రాసింది చదివి వినిపించాను కాబట్టి ప్రైమర్లు, పౌడర్ వచ్చాక ఆ మూలకి ఆయన రాలేదు, అవి తాళం వేసిన అలమారలో ఉన్నాయి.

మిగిలిన డబ్బుతో మంచి సీటింగ్ డై, తూకం, క్యాలిపర్స్, తడి టంబ్లర్ కొన్నాను.

గ్యారేజీ_కమ్మరి
నాన్నగారికి మా నమస్కారాలు చెప్పండి. ఆయన చేసిన వేలి పరీక్ష ఇప్పుడే నా ప్రెస్ మీద చేసి వచ్చాను. మొదటి 20 ఎలా వచ్చాయి?

గోదారి_గురి
మొదటి 20 నిన్న కాల్చాను. పట్టికలో కింది అంకె దగ్గర ఐదు, కొంచెం కొంచెం పెంచుతూ మూడు మెట్లు, ఐదేసి చొప్పున. కొన్న తూటాలతో 100 గజాల దగ్గర ఐదు కాలిస్తే నాకు అంగుళంన్నర వెడల్పులో పడేవి. రెండో మెట్టులో అంగుళానికి కాస్త తక్కువ వచ్చింది. ఒక్క గ్రూపే, ఇంకా పది కాలిస్తే గానీ నమ్మను.

సైజింగ్ డైని మొదట షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దించాను, భుజం ఎక్కువ వెనక్కి పోయింది. నిదానం గారు ప్రైవేట్ మెసేజ్‌లో చెప్పినట్టు కొద్దికొద్దిగా పైకి తిప్పుతూ, ప్రతిసారీ కొలుస్తూ, అంగుళంలో వెయ్యింట రెండు భాగాలే వెనక్కి పోయేలా ఆపాను. దానికే ఒక సాయంత్రం పట్టింది.

ఇప్పుడు ఒక ప్రశ్న. 400 కేసుల్లో మూడు కంపెనీలవి కలిసి ఉన్నాయి. అడుగున ముద్ర చూసి వేరు చేసి, ఒక్కో కంపెనీ కేసులకి వేరే పెట్టె పెట్టాలా, లేక 100 గజాలకి అంత అవసరం లేదా?

నిదానం
వేరు చేయండి. లోపలి మందం కంపెనీకో రకంగా ఉంటుంది, అదే కొలత పౌడర్ ఒకదాంట్లో ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. ఒక కంపెనీవి వంద తీసుకుని వాటితోనే మూడు నెలలు నడవండి. ఎన్నిసార్లు లోడ్ చేశారో పెట్టె మూత మీద గీతలు గీసుకుంటూ పోండి.